సుంకులవ్వ అరచెయ్యి

ఎప్పుడని అడగొద్దు. ఏ రాజు ఏలుబడిలో అని అసలే అడగొద్దు. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిన కథ ఇది. ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలీదు. మీరు ఊఁ కొడితే చెబుతాను. కొట్టకపోతే వక్కాకు నములుతూ కూర్చుంటాను, నాకేం నష్టం లేదు.

ఊఁ అన్నారు కదా. సరే, వినండి.

నల్లకొండ కింద ఒక ఊరు. ఊరి చివర ఒక వెదురు గుడిసె. గుడిసెలో ఒక ముసలమ్మ. పేరు సుంకులమ్మ, కులం మేదర. ఆ ఊరు ఆమెది కాదు. మొగుడితో కలిసి వెదురు మోపులు మోసుకుంటూ ఎక్కడినుంచో వచ్చింది. మొగుడు పోయాడు, ఆమె ఉండిపోయింది. పిల్లాజెల్లా లేరు. గంపలు అల్లేది, తట్టలు అల్లేది, చేటలు అల్లేది. ఆ ఊళ్ళో ఆమె అల్లిన చేట లేని ఇల్లు లేదు.

ఆమెకు ఇంకో పని కూడా ఉండేది. వానలు పడి కలుపు మొదలైందంటే ఆడవాళ్ళంతా పొద్దున్నే చేలల్లోకి పోవాలి. చంటిపిల్లనైతే చెట్టుకు ఉయ్యాల కట్టి పడుకోబెట్టొచ్చు. పెద్దపిల్లనైతే మేకల వెంట తోలొచ్చు. ఈ రెండూ కానివాళ్ళు ఉంటారు చూడండి, రెండేళ్ళవాళ్ళు, మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు, వాళ్ళతోనే తంటా. ఒక్కచోట నిలవరు. నిలవమంటే ఏడుస్తారు. వాళ్ళందర్నీ తెచ్చి సుంకులమ్మ వాకిట్లో దించి, "అవ్వా, చూస్తుండు" అని చెప్పి పోయేవాళ్ళు. సాయంత్రం పిల్లను చంకనేసుకుంటూ దోసెడు జొన్నలు చేటలో పోసేవాళ్ళు. ఆ జొన్నలతో ఆమె కడుపు నిండేది. ఉన్నమాట చెప్పాలంటే ఆమెకు జొన్నలకంటే పిల్లలే ముఖ్యం. పిల్లలు రాని రోజు ఆమెకు పొద్దు పోయేది కాదు, ముద్ద దిగేది కాదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. గడుస్తూ గడుస్తూ సుంకులమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. ముందు కొండ కనపడకుండా పోయింది. తర్వాత ఎదురింటి గోడ కనపడకుండా పోయింది. ఆఖరికి తన చెయ్యి తనకే కనపడకుండా పోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటారా? చెబితే జాలిపడతారు. ఆ దోసెడు జొన్నలు ఊరికే పోస్తారు కూడా. ఊరు చెడ్డది కాదు. కానీ కళ్ళులేని మనిషి దగ్గర పసిపిల్లల్ని ఎవరు వదులుతారు? మీరు వదులుతారా? అదీ ఆమె భయం. ఆ ఒక్క భయంతో నోరు కుట్టేసుకుంది.

అల్లికకు కళ్ళక్కర్లేదు. వేళ్ళకే అన్నీ తెలుసు. నడవడానికి మాత్రం గుడిసె తలుపు నుంచి నీళ్ళ కుండ దాకా, కుండ నుంచి వెదురు బద్దల కుప్ప దాకా నడుమెత్తున తాడు కట్టుకుంది. "తాడెందుకవ్వా?" అని అడిగితే "గుడ్డలారేసుకోవడానికి" అంది. నమ్మారు. పిల్లలందరికీ కాళ్ళకు గజ్జెలు కట్టి పంపమంది. "గజ్జెలెందుకవ్వా?" అని అడిగితే "ఆ చప్పుడు నాకు ముద్దు" అంది. అదీ నమ్మారు.

ఇక ఒకే ఒక్క చిక్కు మిగిలింది. పిల్ల ఎక్కడుందో గజ్జె చెబుతుంది, మరి పిల్ల చేతిలో ఏముందో ఎవరు చెబుతారు? ఆ వయసు పిల్లలు దొరికిందల్లా పట్టుకుంటారు, పట్టుకున్నదల్లా నోట్లో పెట్టుకుంటారు. వాకిట్లో బద్దలు చీల్చే కత్తి ఉంది. పొయ్యి దగ్గర నిప్పు ఉంది. కంచె మీద ఉమ్మెత్తకాయలున్నాయి. సుంకులమ్మ చాలా ఆలోచించింది. ఆలోచించి ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరు ఏది పట్టుకున్నా సరే, తెచ్చి ఆమె ముందు నిలబడాలి. ఆమె మూడు మాటలు అడుగుతుంది. మూడింటికీ జవాబు చెప్పాలి.

"చేతిలో ఏముంది? ఏం చేస్తుంది? యాడుండాల?"

ఇవే ఆ మూడు మాటలు. గుర్తుపెట్టుకోండి, వీటితో పనుంది.

దస్తగిరి అని ఒక పిల్లాడు ఉండేవాడు, నాలుగేళ్ళు నిండలేదు, నోరు మాత్రం ఊరంత. వాడు గల్లుగల్లుమంటూ వచ్చి నిలబడేవాడు.

"చేతిలో ఏముంది?"

"చేట, అవ్వా."

"ఏం చేస్తుంది?"

"చెరుగుతుంది."

"యాడుండాల?"

"గోడకు తగిలించాల."

"పో, తగిలించి రా."

ఒక్కోసారి తప్పు చెప్పేవాళ్ళు. జల్లెడ పట్టుకుని చేట అనేవాళ్ళు. ఆమె దాన్ని తడిమి చూసి, ఆ పిల్ల వేలు పట్టుకుని జల్లెడ కంతలో దూర్చేది. "దీనికి కంతలున్నాయి. పిండి కిందికి పోతుంది, తవుడు పైన నిలుస్తుంది. ఇది జల్లెడ. చేటకు కంతలుంటాయా?" "ఉండవు." "ఇంకోసారి చెప్పు, చేతిలో ఏముంది?" "జల్లెడ." మళ్ళీ ఆ పిల్ల ముసలిదయ్యేదాకా జల్లెడను చేట అనేది కాదు. వేలు మర్చిపోదు కదా.

రోకలి ఏది, పచ్చడిబండ ఏది, కవ్వం ఏది, గరిటె ఏది, దువ్వెన ఏది, పేలు తీసే ఈరుపెన ఏది, అన్నీ చెప్పేవాళ్ళు. తల్లులు మురిసిపోయారు. "మేదరవ్వ దగ్గర ఏదో విద్య ఉంది" అన్నారు. దస్తగిరి ఇంటికి పోయి, చుట్ట కాలుస్తున్న తాత ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, "చేతిలో ఏముంది? ఏం చేస్తుంది? యాడుండాల?" అని అడిగాడట. ముసలాయన మొదటిదానికి చెప్పాడు, రెండోదానికి నసిగాడు, మూడోదానికి ఏం చెప్పాలో తోచక చుట్ట అవతల పారేశాడట. ఊరంతా వారం రోజులు ఇదే చెప్పుకుని నవ్వారు.

సుంకులమ్మ కూడా నవ్వింది. విద్య కాదు, అవసరం. ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

ఒక్క పేరు దగ్గర మాత్రం గొడవ వచ్చింది.

మీకూ తెలిసే ఉంటుంది, మన పక్క పల్లెల్లో పామును పాము అనరు. పేరెత్తితే వస్తుందని భయం. పురుగు అంటారు. ఆ ఊళ్ళో మరీ పట్టింపు. ఆడవాళ్ళైతే ఆ మాట పళ్ళ మధ్యకు కూడా రానిచ్చేవాళ్ళు కాదు. సుంకులమ్మ మాత్రం పిల్లలకు పాము అనే నేర్పింది. దస్తగిరి చూరులో వేలాడుతున్న కుబుసాన్ని చూసి "అదిగో పాము చొక్కా" అన్నాడు. వాళ్ళ నాయనమ్మ హుసేనమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చేసింది. ఊళ్ళో కలుపు కూలీలందరికీ ఆమె పెద్ద. ఆమె మాటంటే మాటే.

"ఏమే సుంకులూ, పిల్లలకు ఆ పేరు నేర్పుతావా? పురుగు అని నేర్పకూడదా?"

"చీమ ఏంది అక్కా?" అంది సుంకులమ్మ.

"పురుగే."

"జెర్రి?"

"అదీ పురుగే."

"మరి ఒక పిల్ల వచ్చి చేతిలో పురుగుంది అని చెబితే, నేను చీమ అనుకోవాల్నా, జెర్రి అనుకోవాల్నా, అదనుకోవాల్నా?"

"చూస్తే తెలీదా నీకు? కళ్ళు లేవా?" అంది హుసేనమ్మ.

సుంకులమ్మ చేతిలో బద్ద అల్లుతూనే ఉంది, తల ఎత్తలేదు. "ఉన్నదానికి ఉన్న పేరే చెప్పాల అక్కా. నాకు వేరే రాదు" అంది. హుసేనమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. పిల్లల్ని మాన్పించలేదు. మాన్పిస్తే కలుపు ఎవరు తీస్తారు?

ఇట్లా ఒక ఏడు గడిచింది, రెండేళ్ళు గడిచాయి, మూడో ఏడు వానలు పడ్డాయి. అప్పుడు ఓబులమ్మ వచ్చింది.

ఓబులమ్మ ఆ ఊరి కోడలు. ఆమెకు ఒక్కతే బిడ్డ, చెంచి. మూడేళ్ళు దాటినా నోట మాట లేదు. చెవులు వినపడతాయి. పిలిస్తే చూస్తుంది, రమ్మంటే వస్తుంది. మాట మాత్రం లేదు. అమ్మ అని కూడా అనలేదు. మొక్కని దేవుడు లేడు, కట్టని తాయెత్తు లేదు. ఓబులమ్మ బిడ్డను సుంకులమ్మ వాకిట్లో దించింది.

"అవ్వా, ఈరోజు నుంచి నేనూ కలుపుకు పోతున్నా. దీన్ని చూస్తుండు. దీనికి మాటలు రావు."

సుంకులమ్మ అల్లిక ఆగిపోయింది. మాటలు రాని పిల్ల. చేతిలో ఏముంది అని అడిగితే చెప్పని పిల్ల. ఇన్నేళ్ళలో ఒక్క తల్లికీ కాదనలేదు ఆమె. ఆ రోజు అంది.

"నావల్ల కాదమ్మా. ఈ పిల్లను తీసుకుపో."

ఓబులమ్మ కదల్లేదు. "ఊరందరి బిడ్డల్ని చూస్తావు. నా బిడ్డ మూగదనే కదవ్వా వద్దంటున్నావు?" అంది.

అదిగో, అప్పుడు చెప్పాల్సింది. నాకు కళ్ళు కనపడవు తల్లీ, నీ బిడ్డకు ఏమన్నా అయితే నాకు తెలీదు అని అప్పుడే చెప్పాల్సింది. ఆమెకూ తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే రేపు ఈ వాకిట్లో ఒక్క గజ్జె మోగదు. ఆ వాకిలి తలుచుకుంటే ఆమెకు భయమేసింది.

"వదిలిపో" అంది.

మొదటి రోజు చెంచి గజ్జెలు కట్టుకుని వాకిలంతా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. "చెంచీ, చేతిలో ఏముంది?" జవాబు లేదు. సుంకులమ్మ తాడు పట్టుకుని పరుగున పోయి తడిమింది. పిల్ల చేతిలో బద్దలు చీల్చే కత్తి ఉంది. రెండో రోజు ఆగిపోయింది. తడిమితే పిల్ల నోట్లో గచ్చకాయ ఉంది. మూడో రోజు సుంకులమ్మ అలిసిపోయి అరుగుకు ఆనుకుని కూలబడింది. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. చెంచి వచ్చింది. ఏమనుకుందో ఏమో, తను పట్టుకున్నది తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

సుంకులమ్మ వేళ్ళు మూసి చూసింది. కొబ్బరిచిప్ప.

"ఇదా! చిప్ప ఇది. నీళ్ళు ముంచుతుంది. కుండ మీద ఉండాల."

గజ్జెలు గల్లుగల్లుమంటూ కుండ దగ్గరకు పోయాయి. మళ్ళీ గల్లుగల్లుమంటూ వచ్చాయి. చేతిలో ఇంకోటి పడింది.

"ఇది పిడక. మండుతుంది. గోడవార ఉండాల."

ఆ రోజు చెంచి ఎన్ని తెచ్చి పెట్టిందో లెక్క లేదు. ఆనాటి నుంచి అదే పద్ధతి. మిగతా పిల్లలు నోటితో చెప్పేవాళ్ళు, చెంచి అరచేతిలో పెట్టేది. మూడు మాటలూ సుంకులమ్మే అడిగేది, మూడు జవాబులూ సుంకులమ్మే చెప్పేది. పిల్ల నోరు తెరిచేది కాదు. కానీ జల్లెడ కావాలంటే జల్లెడే తెచ్చేది, చేట తెచ్చేది కాదు. "దీనికి అన్నీ తెలుసే ఓబులమ్మా" అని సుంకులమ్మ చెబితే, ఓబులమ్మ "తెలిస్తే చెప్పొచ్చు కదవ్వా" అని కళ్ళొత్తుకునేది. సుంకులమ్మకు ఆ పిల్లంటే ప్రాణం అయిపోయింది. మిగతా పిల్లలు ఆమెకు చెప్పేవాళ్ళు, ఈ పిల్ల ఆమెను నమ్మింది. తేడా ఉంది కదా.

ఆ ఏడు ముసురు ఎక్కువ. ఒకరోజు మధ్యాహ్నం ఎండ పొడిచింది. పిల్లలు తలా గుప్పెడు బొరుగులు తిని, ఎక్కడివాళ్ళక్కడ నిద్రపోయారు. ఒకళ్ళు అరుగు మీద, ఒకళ్ళు తలుపు దగ్గర, ఒకళ్ళు తాడు కింద. గజ్జె కదిలితేనే మోగుతుంది. నిద్రపోయే పిల్ల గజ్జె మోగదు. వాకిలంతా నిశ్శబ్దం. కంచె అవతలి చేలో ఆడవాళ్ళు కలుపు పాట పాడుతున్నారు. చెంచి ఒక్కతే మేలుకుని ఉంది. తడి గడ్డి కప్పిన బద్దల కుప్ప దగ్గరకు పోయింది. కాసేపాగి గల్లుగల్లుమంటూ వచ్చింది. చాపిన అరచేతిలో పెట్టింది.

చల్లగా ఉంది. నున్నగా ఉంది. తడి బద్ద అనుకుంది సుంకులమ్మ. బద్ద కదిలింది.

కట్లపాము పిల్ల. జానెడు కూడా ఉండదు. ముసురుకు కుప్పలో చేరింది, పగలు కదా, మందంగా ఉండి పసిచేతిని ఏమీ చెయ్యలేదు. ఆమె వేళ్ళు తగలగానే బొటనవేలి మొదట్లో కరిచింది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

మీరైతే ఏం చేస్తారు? విదిలించి అవతల పారేస్తారు. నేనూ అంతే. ఎవరైనా అంతే. సుంకులమ్మ పారెయ్యలేదు. పిడికిలి బిగించింది. గట్టిగా బిగించి అట్లాగే కూర్చుంది.

అరవలేదు కూడా. అరిస్తే నిద్రపోయే పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, ఎటు పరిగెడతారో తెలీదు, ఎవరు వచ్చి మీద పడతారో తెలీదు. రోజూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది.

"చేతిలో ఏముంది? పాము. ఏం చేస్తుంది? కరుస్తుంది. యాడుండాల? పుట్టలో ఉండాల. దీన్ని ఎప్పుడూ పట్టుకోకూడదు చెంచీ."

ఎడమచేత్తో పిల్ల చేతులు రెండూ తడిమింది. ఒక్కొక్క వేలూ తడిమింది. "నిన్ను కరిచిందా? నొప్పి ఉందా?" అని అడిగి పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. చేతికింద ఆ తల అటూ ఇటూ ఊగింది. లేదు అని. సుంకులమ్మ ఊపిరి పీల్చుకుంది.

"చెంచీ, మీ అమ్మ దగ్గరికి పో. కంచె దాటితే చేను. పాము అని చెప్పు. పో తల్లీ."

ఎవరికి చెబుతోంది? మాటలు రాని పిల్లకు. ఆమెకు తెలీదా? తెలుసు. కానీ మేలుకుని ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. గజ్జెలు దూరంగా పోయాయి, కంచె దగ్గర ఆగాయి, ఇంకా దూరంగా పోయాయి. ఆ తర్వాత వినపడలేదు.

సుంకులమ్మ పిడికిలి విప్పకుండా చేను వైపు చెవి పెట్టి కూర్చుంది. కలుపు పాట సాగుతోంది. సాగుతూ సాగుతూ ఠక్కున ఆగిపోయింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నవ్వులు వినపడ్డాయి. పదిమంది ఆడవాళ్ళ నవ్వులు, వాటిలో ఓబులమ్మ ఏడుపు, ఏడుపులోనే నవ్వు.

పిల్ల మాట్లాడింది. సుంకులమ్మకు అర్థమైపోయింది. చేతిలో పాముంది, వేళ్ళు మొద్దుబారుతున్నాయి, అయినా ఆమెకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇక వచ్చేస్తారులే అనుకుంది.

రాలేదు.

చేలో ఏం జరిగిందంటే, చెంచి గట్టు మీద నిలబడి తల్లి కొంగు లాగింది. ఓబులమ్మ అలవాటుగా అడిగింది, "చేతిలో ఏముందే?" అని. పిల్ల అరచెయ్యి తెరిచింది. చేతిలో ఏమీ లేదు. నోరు తెరిచింది.

"పాము" అంది.

పాట ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఓబులమ్మ కనపడ్డ దేవుడికల్లా మొక్కిందో, ఆ మాట వచ్చేసింది. ఏ మాట అన్నది ఎవరికి పట్టింది? ఓబులమ్మ పిల్లను ఎత్తుకుని ముద్దులు పెట్టుకుని ఏడ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. "ఇంకోసారి అను తల్లీ, ఇంకోసారి" అన్నారు.

"పాము" అంది చెంచి రెండోసారి.

హుసేనమ్మ బుగ్గ నొక్కుకుంది. "మొదటి మాటే ఆ మాట నేర్పింది చూడు ఆ మేదరిది! అట్లా అనకూడదు బంగారూ. పురుగు అనాల. ఏదీ, పురుగు అను" అంది. అందరూ నవ్వారు. ఒకామె ఒళ్ళోకి తీసుకుంది. ఇంకొకామె చెంగులో ఉన్న బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టబోయింది. చెంచి మొహం తిప్పేసింది.

"యాడ చూసినావే ఆ పురుగును?" అని హుసేనమ్మ నవ్వుతూ అడిగింది.

"అవ్వ చేతిలో" అంది చెంచి.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. చేతిలో కొడవళ్ళు అక్కడే పడేసి పరిగెత్తారు.

వాళ్ళొచ్చేసరికి సుంకులమ్మ అట్లాగే కూర్చుని ఉంది. కనురెప్పలు వాలిపోతున్నాయి. "ముందు పిల్లల్ని ఎత్తుకోండి" అంది. ఎత్తుకున్నారు. "అందరూ దూరంగా ఉన్నారా?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారి ఉన్నామని చెప్పాక పిడికిలి విప్పింది. పాము ఎప్పుడో చచ్చింది.

ఓబులమ్మ ఆమె ముందు కూలబడింది. "పామని చూసి కూడా పట్టుకుని కూర్చున్నావేందవ్వా? అవతలికి విసిరేస్తే పోయేది కదా."

"యాడికి విసరాల్నమ్మా?" అంది సుంకులమ్మ. నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. "ఏ పక్క ఏ పిల్ల పడుకుందో నాకు కనపడదు. నేను ఏదన్నా చూసి మూడేళ్ళయింది. చెబితే పిల్లల్ని పంపరని చెప్పలేదు. తప్పు చేసినాను."

హుసేనమ్మ లేచి నిలబడి వాకిలి చూసింది. తలుపు నుంచి కుండ దాకా తాడు. కుండ నుంచి కుప్ప దాకా తాడు. ఆ తాడు మీద ఒక్కనాడైనా ఒక్క గుడ్డ ఆరడం చూశానా అని ఆలోచించింది. చూడలేదు. పిల్లల కాళ్ళ గజ్జెలు చూసింది. "చేతిలో ఏముంది" అని ఆమె ఎందుకు అడిగేదో అప్పటికి తెలిసింది. కళ్ళు లేవా అని తను అన్న మాట గుర్తొచ్చి హుసేనమ్మ గోడకు తల ఆనించింది.

కట్టు కట్టారు. పసరు పోశారు. మంత్రం పెట్టించారు. పొద్దు కొండ మీదికి వాలింది. ఆఖరున సుంకులమ్మ ఒక్కటే మాట అడిగింది.

"చెంచి ఏమంది?"

"పాము అందవ్వా" అంది ఓబులమ్మ. ఆ పేరు నోటితో అనడం ఆమెకు జన్మలో అదే మొదలు.

"మీ నవ్వులు విన్నా. అప్పుడే నాకు తెలిసిపోయింది" అంది సుంకులమ్మ. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. చెంచి వచ్చి ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. వేళ్ళు మూసుకోలేదు. పొద్దు గూకకముందే ప్రాణం పోయింది.

నవ్విన ఆ కాసేపు నవ్వకుండా పరిగెత్తి ఉంటే బతికేదా అని ఊళ్ళో చాలా ఏళ్ళు మాట్లాడుకున్నారు. బతికేదని కొందరు, కట్లపాము కరిస్తే అప్పుడే వచ్చినా అంతేనని కొందరు. నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళను నమ్మొద్దు. ఆ ఆడవాళ్ళు మాత్రం ఆ నవ్వు మర్చిపోలేదు. హుసేనమ్మ చివరిదాకా కలుపు పాట ఎత్తుకోలేదు.

చెంచికి తర్వాత మాటలు వచ్చాయి, తక్కువే కానీ వచ్చాయి. పెద్దదై, పెళ్ళై, ఆ వాకిట్లోనే కూర్చుని ఊరి పిల్లల్ని చూసింది. కళ్ళు బాగా కనపడేవి. అయినా తాడు విప్పలేదు, మూడు మాటలు మానలేదు.

ఆ ఊరు ఇప్పటికీ ఉంది. చుట్టుపక్కల పల్లెలన్నీ పురుగు అంటాయి, ఆ ఊరు పాము అంటుంది. ఆ ఊళ్ళో పసిపిల్ల ఏదన్నా పట్టుకుని ఎదురైతే పెద్దవాళ్ళు లాక్కోరు, కసురుకోరు. కళ్ళు మూసుకుని అరచెయ్యి చాపుతారు. పిల్ల తెచ్చి పెడుతుంది. తడిమి పేరు చెబుతారు, అది చేసే పని చెబుతారు, అది ఉండే చోటు చెబుతారు. సుంకులవ్వ చెయ్యి పట్టడం అంటారు దాన్ని.

ఇంకోటి ఉంది. ఏ ఊళ్ళోనైనా బిడ్డ మొదటిసారి నోరు తెరిచి ఒక పేరు చెబితే ఏం చేస్తారు? ఎత్తుకుంటారు, ముద్దు పెట్టుకుంటారు, పదిమందిని పిలిచి ఇంకోసారి అను అంటారు. ఆ ఊళ్ళో అట్లా చెయ్యరు. తాత కానీ, తల్లి కానీ, పొయ్యి మీద ఏమున్నా సరే దించి లేస్తారు. బిడ్డ కుండ అంటే కుండ దగ్గరికి పోతారు. పిల్లి అంటే పిల్లి దగ్గరికి పోతారు. పోయి కళ్ళారా చూసి వస్తారు. ఆ తర్వాతే ముద్దు పెట్టుకుంటారు.

నా కథ అయింది. ఎవరి చేతిలో ఏముందో చెప్పి, దాన్ని ఉండాల్సిన చోట పెట్టి, ఇళ్ళకు పోండి.